యాభై ఎనిమిది డిగ్రీల దక్కన్ చరిత్ర

చిక్కడపల్లి,
2025 ఆగస్టు 9.

మా ఆమనికి మామ దీవెనలు.

ఇక్కడ ఇద్దరం బాగున్నం. మూడోదానికి బాగలేదు. మూడోది అంటే నీ లాప్‌టాప్. వనపర్తిల కాంట్రాక్ట్ టీచర్ కొలువు దొరికి నువ్వు కొత్తది కొనుక్కొని, పాతది నాకిచ్చి పోయినప్పటి సంది దాన్ని ఇంటి మనిషి లెక్కనే చూసుకుంటున్న. ఇయ్యాల పొద్దున దక్కన్ చరిత్ర చదువుడు మొదలుపెట్టిన. చెయ్యి ఏ మీట మీద పడ్డదో ఏమో, తెర కింది మూలకు ఒక అంకె వచ్చి కూర్చున్నది. హార్డ్ డిస్క్ నలభై ఒక్క డిగ్రీలట!

మనిషికి నలభై ఒకటంటే మన పాత లెక్కల నూటా ఐదు దాటినట్టు. గంత జ్వరం మా నాయినకు ఒక్కసారి వచ్చింది, టైఫాయిడ్‌ల. అప్పట్ల నారాయణగూడల ఒక హోమియోపతి డాక్టర్ ఉండె. చిటికెన వేలంత సీసాల తెల్లటి గోళీలు ఇచ్చిండు. జ్వరం దిగింది. అప్పటికెల్లి మా నాయిన, చిన్నగ తెల్లగ ఉన్నది ఏదైనా మందే అని నమ్మిండు. సగ్గుబియ్యం పాయసం చేసిన దినం నడుము నొప్పి గూడ తగ్గిందనేటోడు. ఆ సంగతి ఇప్పుడెందుకు గని, నాకు భయమైంది. తడిగుడ్డ తెచ్చిన. మీ అత్తమ్మ చేతిలకెల్లి గుంజుకున్నది. "కరెంటు వస్తువు మీద తడిగుడ్డనా? నీకు చదువు ఎక్కువై మతి తక్కువైంది" అన్నది. పదో తరగతి తప్పినోణ్ణి పట్టుకొని చదువు ఎక్కువైందని తిట్టే మనిషి లోకంల హనుమమ్మ ఒక్కతే. కోపం రావాల్సింది పోయి సంతోషమైంది.

నా భయం నీకు ఎరికే. టైప్ ఇన్‌స్టిట్యూట్‌ల బతుకంతా మిషన్ల మోత నడుమ కూర్చొని నా చెవులు పోయినయి. ఫోన్‌ల మాట్లాడితే సగం వినపడదు. నీకేమో పుట్టినప్పటి సంది చూపు లేదు. నేను కొట్టిన అక్షరాలను నీ కంప్యూటర్ నీకు చదివి వినిపిస్తది, నువ్వు కొట్టినయి నేను కండ్లతోని చదువుకుంట. మనిద్దరం కలుసుకునే చోటు ఈ ఉత్తరం ఒక్కటే. ఇంక నీ పరీక్ష పుస్తకాలు. ఈ దక్కన్ చరిత్ర పాత అచ్చు. ఫొటో తీసి పెడితే నీ కంప్యూటర్ తత్తరపడుతది, మనిషే గొంతెత్తి చదివి రికార్డు చెయ్యాలె. లెక్చరర్ పరీక్షకు నీకు మిగిలింది ఇదొక్కటే. ఇసొంటప్పుడు మిషన్ మంచాన పడితే ఎట్ల బిడ్డా? జల్ది జవాబు రాయి.

నీ మామ,
ఇంద్రసేన

*

వనపర్తి,
ఆగస్టు 12.

మామకు,

నీ ఉత్తరం మా కంప్యూటర్ రేడియో వార్తల లెక్క గంభీరంగ చదివింది. "సగ్గుబియ్యం పాయసం" అని గూడ గంతే గంభీరంగ. స్టాఫ్‌రూముల నేనొక్కదాన్నే నవ్వుతుంటే పక్క టీచర్ నా చెయ్యి పట్టి చూసింది.

డిస్కు మనిషి కాదు మామ. ముప్పై నుంచి నలభై ఐదు దాకా దానికి ఆరోగ్యమే. యాభై దాకా ఓర్సుకుంటది. యాభై ఐదు దాటితే మనం జర చూసుకోవాలె, అరవై కాడికి పోతే బంద్ చెయ్యాలె. లోపల పళ్ళెం లెక్కటిది ఒకటి గిరగిర తిరుగుతుంటది. దాని మీదనే నీ గొంతంతా ఉన్నది. వేడికి అది పాడైతే గొంతు పోతది. పక్కకు సన్నటి చీలికలు ఉంటయి చూడు, తడిమితే తెలుస్తది. లోపలి ఫ్యాన్ వేడిగాలిని అక్కడికెల్లే బయటికి కొడ్తది. దాన్ని ముయ్యకు. బొంత మీద పెట్టకు, చెక్కబల్ల మీద పెట్టు. అత్తమ్మ కుట్టిన కుచ్చుల ముసుగు బంద్ చేసినప్పుడే కప్పు. పాపం, తడిమి చూసి ముచ్చటపడ్డ ముసుగే అది, ఏం చేస్తం.

పరీక్ష డిసెంబర్ల. చదివింది చదివినట్టు పంపు, పుస్తకం మొత్తం అయ్యేదాకా ఆగకు.

నీ ఆమని

*

చిక్కడపల్లి,
అక్టోబర్ 5.

ఆమనికి దీవెనలు.

ముసుగు తీసేసిన. తీసేటప్పుడు మీ అత్తమ్మ మొఖం చూడాల్సింది. టీవీకి, ఫ్రిజ్‌కు, మిక్సీకి, ఆఖరికి గ్యాస్ సిలిండర్‌కు గూడ లంగా కుట్టిన మనిషి. మా ఇంట్ల బట్టల్లేకుండ తిరిగే హక్కు ఒక్క సీలింగ్ ఫ్యాన్‌కే ఉన్నది.

నిన్న పొద్దుమీకి లైబ్రరీ దిక్కు పోయిన. అశోక్‌నగర్ గల్లీలల్ల నడుస్తుంటే అటొకరు ఇటొకరు చేతుల పుస్తకం, పెదవుల మీద రాజ్యాంగం. ఒక పిల్ల ఛాయ్ బండి కాడ నిలబడి కండ్లు మూసుకొని నదుల పేర్లు వప్పజెప్పుకుంటున్నది. ఛాయ్ అతను "అక్కా, ప్రాణహిత మరిచినవ్" అన్నడు. ఈ గల్లీలల్ల ఛాయ్ అమ్మెటోడు గూడ సగం ఆఫీసరే. నిన్ను యాది చేసుకున్న. నువ్వు గూడ ఇక్కడే ఉండి చదువుకుందువు గని, ఇక్కడి కోచింగ్‌లల్ల అంతా బోర్డు మీద రాసుడే. నీకు బోర్డు నేనే గదా.

దసరా బాగైంది. టైప్ మిషన్లు ఉన్నప్పటి సంది మా ఇంట్ల పనిముట్లకు పూజ తప్పదు. మిషన్లు అమ్ముకున్నంక కత్తిపీటకు, కుట్టు మిషన్‌కు చేసుకుంట వచ్చింది. ఈసారి మీ అత్తమ్మ లాప్‌టాప్‌ను దేవుని పటం లెక్క గోడకు నిలబెట్టి, బొట్టుపెట్టి, బంతిపూల దండ వేసి, నెయ్యి, పసుపు కలిపిన అక్షింతలు చల్లి, "మా ఆమనికి కొలువు ఇప్పియ్యి తల్లీ" అని మొక్కింది. నాకు గూడ మొక్క బుద్ధయింది.

పండుగ ఎల్లినంక దానికి మళ్ళ ఒళ్ళు కాగుతున్నది. చెక్కబల్ల మీదనే పెట్టిన, ముసుగు లేదు, బయట ఎండ గూడ లేదు. అయినా యాభై నాలుగు, యాభై ఐదు. జరసేపు చదువుత, ఆపుత. చల్లబడినంక మళ్ళ చదువుత. మా ఇన్‌స్టిట్యూట్‌ల ఏనాడూ సగం టైప్ చేసిన కాయితం గిరాకీ చేతుల పెట్టలే. పుస్తకమైనా గంతే, నిండుగ ఇయ్యాలె. గని నువ్వు మరీ మరీ అడుగుతున్నవని మొదటిసారి నియమం తప్పుతున్న. ఇప్పుడు చదివిన రెండు అధ్యాయాలు దీంతోని పంపుతున్న. మిగిలింది పుస్తకం అయినంకనే.

నీ మామ,
ఇంద్రసేన

*

వనపర్తి,
అక్టోబర్ 9.

మామకు,

రెండు అధ్యాయాలు విన్న. మళ్ళ విన్న. కాకతీయుల గురించి కాదు, నీ గురించి.

నీ మాటల ఎనుక ఒక ఊపిరి వినపడుతున్నది. బరువుగ, గరగర. మొదట్ల సన్నగ ఉంటది. చదువుకుంట పోయినకొద్దీ పెరుగుతది. ఆఖరికి ఆయాసం లెక్క అయినప్పుడు నువ్వు ఆపుతవ్. మళ్ళ మొదలుపెట్టినప్పుడు తక్కువుంటది. నడుమ నడుమ టక్కు టక్కుమని ఏదో కొట్టుకుంటది. నీకు వినపడదు. నాకు వినపడ్డది, ఇప్పటికీ చెవులల్ల ఉన్నది.

వేడి లాప్‌టాప్‌కు అని రాస్తున్నవ్. ఎట్ల నమ్మాలె? నీకు హెర్నియా ఆపరేషన్ అయిన ఏడాది "టైప్ మిషన్ రిపేర్‌కు ఇచ్చిన, కొన్ని దినాలు పని లేదు" అని అందరికీ చెప్పినవ్. అమ్మకు నిజం ఎవరి పెండ్లిలనో, బంతిల కూర్చున్నంక తెలిసింది. అన్నం ముందటికెల్లి లేచి ఏడ్చింది. నీకు ఒంట్ల బాగలేనప్పుడల్లా మిషన్ పేరు చెప్తవ్.

చదువుడు బంద్ పెట్టు. డాక్టర్‌కు చూపించుకో. పరీక్ష మళ్ళొస్తది.

ఆమని

*

చిక్కడపల్లి,
అక్టోబర్ 13.

ఆమనికి,

ఊపిరా? నాకా? పొద్దున్నే ఇంటికాడికెల్లి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా నడిచిపోయి నడిచొస్త. మూడో అంతస్తు మెట్లెక్కి గూడ కింది పోర్షన్ల ఉండే వెంకటరామయ్య గారి తోని మేడ మీదికెల్లి వాదం పెట్టుకుంట. హెర్నియా సంగతి ఒప్పుకుంట. గని ఒకసారి అబద్ధమాడినోడు బతుకంతా అబద్ధమే ఆడుతడని ఏ చరిత్రల రాసి ఉన్నది? నేను చదివిన దాంట్లైతే లేదు.

ఇంకో మాట. మొన్న లైబ్రరీ కాడ ఒక పిల్లగాడు చెప్పిండు, ఇప్పుడు కంప్యూటర్లే మనుషుల లెక్క పుస్తకాలు చదివి పెడుతున్నయట, దమ్ము గూడ తీసుకోవట. నీకు అసొంటి గొంతు ఏదన్న దొరికితే దొరికిందని సీదా రాయి. ముసలోని గొంతు గరగరమంటున్నదని డొంకతిరుగుడు ఎందుకు? నాకేం కోపం రాదు.

వచ్చింది. రాదని రాసినంక వచ్చింది.

చదువుడు మాత్రం బంద్ పెట్టలే. బహమనీలు దాటి గోల్కొండకు చేరిన. మిషన్ ఇయ్యాల యాభై ఎనిమిది. నాది కాదు, దానిది.

ఇంద్రసేన

*

వనపర్తి,
అక్టోబర్ 16.

మామ,

నీకు కోపమొచ్చినా మంచిదే. కంప్యూటర్ గొంతులు నా కాడ ఎప్పటికెల్లో ఉన్నయి. అవి పాఠం చదువుతయి గని, సుల్తాన్ ఓడిపోయిన కాడ ఆగి "అయ్యో" అనవు.

నువ్వు పోవని తెలిసి వెంకటరామయ్య గారికి ఫోన్ చేసిన. శనివారం పొద్దున ఆయన వచ్చి నిన్ను దవాఖానకు తీస్కపోతరు. ఎదురు చెప్పకు. బీపీ ఎంత, షుగర్ ఎంత, అంకెలు రాయి. నార్మల్ అని ఒక్క మాట రాస్తే ఒప్పుకోను.

ఆమని

*

చిక్కడపల్లి,
అక్టోబర్ 24.

ఆమనికి దీవెనలు. నీ చెవులకు దండాలు.

మొదటికెల్లి చెప్త, ఆగు.

శనివారం తెల్లారంగనే వెంకటరామయ్య గారు ఇస్త్రీ చొక్కా వేసుకొని గడపల నిలబడ్డడు. ఆయనది గుంటూరు. హైదరాబాదుకొచ్చి నలభై ఏండ్లయినా మాట మాత్రం ఇంకా రైలు దిగలే. "పదండి, పదండి. మీ మేనకోడలు ఫోన్లో ఏడ్చేసింది. మీరు రాకపోతే నన్ను ఎత్తుకెళ్ళమంది" అన్నడు.

"మీరు నన్ను ఎత్తుతరా? మీకే మోకాళ్ళ నొప్పులు గదా సార్!"

"అందుకే ఆటో పిలిచానండీ."

దవాఖానల నా ఛాతీ మీద తీగలంటించి, గుండె చేతిరాత కాయితం మీదికి గుంజిండ్రు. టైపు నేర్పినోణ్ణి, చెప్తున్న: మార్జిన్ తప్పలే. గుండె భేషుగ్గున్నది. బీపీ నూట ఇరవై ఎనిమిది, ఎనభై. అంకెలడిగినవ్ గదా. షుగర్ మాత్రం పరగడుపున నూట అరవై ఎనిమిది. ఇది నాకు గూడ కొత్త ముచ్చటే. గోళీలు రాసిచ్చిండ్రు. చిన్నగ, తెల్లగ ఉన్నయి. మా నాయిన ఉంటే ఎంత సంతోషపడునో.

ఇంటికొచ్చి, "చూసిండ్రా, ఊపిరి బాగనే ఉన్నది. ఇప్పుడు కూర్చోని నేను చదివేది వినుండ్రి" అని రోషంగ మిషన్ తెరిచి గోల్కొండ మొదలుపెట్టిన. రెండు పేజీలు గాలే. వెంకటరామయ్య గారు చెవుల మీద చేతులు పెట్టుకున్నడు.

"ఏవండీ, ఇంట్లో పిండిమర ఎప్పుడు పెట్టారు?"

"పిండిమరేంది?"

"ఈ మోత మీకు వినపడట్లేదా? బల్ల కూడా వణుకుతోందండీ!"

బల్ల మీద చెయ్యి పెట్టిన. నిజమే, వణుకుతున్నది. అప్పుడు సమజైంది బిడ్డా. నువ్వు విన్న ఊపిరి నాది కాదు, దానిది. లోపలి ఫ్యాన్ మొత్తుకుంటున్నది. చదివేది నేను, దానికి ఆనుకొని ఉన్నది నేను. నాకు వినపడలే, ఇంత దూరం నీకు వినపడ్డది. మీ అత్తమ్మను అడిగితే "మిషన్ అన్నంక చప్పుడు చెయ్యదా? మీ టైప్ మిషన్లు ఇంతకన్న ఎక్కువ చేసేటియి" అన్నది.

నువ్వు అనుకున్నది తప్పు. విన్నది మాత్రం నిజం.

గప్పుడే తెర మీద అంకె అరవై ఒకటి చూపించి, మిషన్ మొత్తం నల్లబడ్డది. మీట ఒత్తితే టక్కు టక్కుమంటున్నదని వెంకటరామయ్య గారు చెప్పిండు గని తెర వెలగలే. చదివినదంతా, నువ్వు విన్న రెండు అధ్యాయాలు తప్ప, అందులనే ఉన్నది. చదివింది చదివినట్టు పంపమని ఆగస్టులనే చెప్పినవ్. నేను నా నియమం పట్టుకొని కూర్చున్న. దవాఖానకు ఒక దినం ఆగి పోయుంటే గుండె కాయితం వేరే తీరుగ వచ్చునేమో.

మిషన్‌ను తువాలల చుట్టుకొని నారాయణగూడకు పోయినం, మీ అత్తమ్మ గూడ వచ్చింది. అక్కడ ఫ్లైఓవర్ పక్క గల్లీల నవత అనే అమ్మాయి రిపేర్ దుకాణం పెట్టుకున్నది. అడుగు భాగం విప్పి లోపలికి చూసింది. చూసి నా మొఖం దిక్కు చూసింది.

"అంకుల్, ఇందుల పులిహోర ఏమన్న కలిపిండ్రా?"

అక్షింతలు బిడ్డా. పటం లెక్క నిలబెట్టినప్పుడు ఆ గాలి చీలికలు మీదికి ఉన్నయి. మీ అత్తమ్మ ఎంత భక్తిగ చల్లిందో అంత సక్కగ లోపలికి పోయినయి. నెయ్యికి పసుపు, దుమ్ము కలిసి గాలిదారి మూసుకపోయింది. ఫ్యాన్ రెక్కల ఒక గింజ ఇరికింది. "ఫ్యాన్ తిరుగుతనే ఉన్నది, గాలి మాత్రం బయటికి పోతలేదు. ఆ వేడంతా పక్కనే ఉన్న డిస్కుకు" అని నవత చెప్పింది. నేను నవ్విన. ఆ పిల్ల గూడ నవ్వింది. మీ అత్తమ్మ నవ్వలే.

డిస్కు బయటికి తీసి, టేబుల్ ఫ్యాన్ ముందట పెట్టి, కొద్దికొద్దిగ కాపీ చేసుకుంట, వేడెక్కితే ఆపుకుంట, నాలుగు దినాలు దాని తోని కొట్లాడింది ఆ అమ్మాయి. చంటిపిల్ల ఉన్న ఇంట్ల గూడ గంత ఓపిక ఉండదు. అన్నీ వచ్చినయి. ఒక్కటి రాలే. గోల్కొండ కాలం వర్తకం, ఆ అధ్యాయం పోయింది.

అసలు కష్టం అది కాదు. దుకాణంకెల్లి నేను, మీ అత్తమ్మ నడిచొస్తున్నం. వైఎంసీఏ దాటినంక, "పిల్లకు కొలువు రావాలని మొక్కిన. నా మొక్కే పిల్లకు అడ్డం పడ్డది" అన్నది. అప్పటి సంది సరిగ తింటలేదు. నేను చెప్తే వినదు. ఆమెకు రెండు ముక్కలు రాయి, చదివి వినిపిస్త.

నీ మామ,
ఇంద్రసేన

*

వనపర్తి,
అక్టోబర్ 27.

మామకు, అత్తమ్మకు,

ముందుగాల మామకు: తప్పయింది. నీకు వచ్చిన కోపం న్యాయమే. హెర్నియా కాడ నువ్వు అబద్ధమాడినవ్, లాప్‌టాప్ కాడ నిజం చెప్పినవ్, నేను రెండింటికీ కలిపి ఒక్కటే తీర్పు ఇచ్చిన. నవత గారికి నా దిక్కెల్లి దండం చెప్పు.

ఇది అత్తమ్మకు. మామ, మార్చకుండ చదువు.

అత్తమ్మా, ఆ గింజ ఫ్యాన్ల పడకపోతే మోత లేదు. మోత లేకపోతే నాకు భయం లేదు. భయం లేకపోతే మామ చచ్చినా దవాఖాన గడప తొక్కకపోవు. షుగర్ సంగతి ఎప్పుడు, ఏం పోయినంక తెలిసేదో. నువ్వు మొక్కింది నా కొలువు కోసం. అమ్మవారు ముందుగాల మామను చూసింది. వరస ఆమె ఇష్టం గదా. అన్నం తిను. నువ్వు తినకపోతే ఇక్కడ నాకు గూడ ముద్ద దిగదు.

మామా, వర్తకం అధ్యాయం అంటేనే నాకు గాబరా. ఏ ఓడ ఎటు పోయిందో, ఏ సరుకు ఎక్కడిదో ఎప్పుడూ కలగాపులగమే. అందులకెల్లి ప్రశ్నలు ఎక్కువనే వస్తయి. అయినా నువ్వు మళ్ళ గొంతు అరగదీసుకోకు. అది లేకున్నా రాస్త.

మీ ఆమని

*

చిక్కడపల్లి,
నవంబర్ 19.

ఆమనికి దీవెనలు.

పుస్తకం నిండుగ పంపుతున్న. కొత్త డిస్కు, కొత్త ఫ్యాన్. ముప్పై తొమ్మిది దాటుతలేదు. రోజు చదివింది రోజు నవత పెట్టిచ్చిన ఇంకో డిస్కు డబ్బాల గూడ దాచిన. నా నియమం నేనే మార్చుకున్న, ఈ వయసుల అది పండ్లు కట్టించుకున్నట్టు ఉన్నది. కొన్ని దినాలు పరాయిగ అనిపిస్తది, తర్వాత అదే నములుతది.

వర్తకం అధ్యాయం ఆఖరికి పెట్టుకున్న. గంతల చలి మొదలై నా గొంతు మొత్తం కూర్చుండిపోయింది. పిలిస్తే గాలి వస్తున్నది, మాట వస్తలేదు. వేడినీళ్ళు, మిరియాలు, అన్నీ అయినయి. నీ పరీక్ష దగ్గరికొచ్చె. నేను పుస్తకం ముందటేసుకొని నోరు తెరిచి మూస్తుంటే మీ అత్తమ్మ వంటింట్లకెల్లి వచ్చి నిలబడ్డది. చేతులు చీరకొంగుకు తుడుచుకున్నది. పుస్తకం నా ముందటికెల్లి తీసుకున్నది.

"ఏ మీట ఒత్తాలె?"

చూపించిన.

"ఇగ నువ్వు బయటికి పో."

ఆమె చదువు ఐదో తరగతి. పెండ్లయి ఇన్నేండ్లల్ల ఆమె గొంతెత్తి చదువంగ నేను ఒక్కనాడు వినలే. ఇప్పుడు గూడ వినలే, మెట్ల మీద కూర్చున్న. వెంకటరామయ్య గారు కిందికెల్లి "లోపల చదువుతున్నది ఎవరండీ?" అని అడిగిండు. మాట రాక చెయ్యి చూపించిన. ఆయన గూడ వచ్చి పక్క మెట్టు మీద కూర్చున్నడు. ఎన్నో దినాలు పట్టింది. అధ్యాయం అయింది. నడుమ నడుమ ఆగుతది, వేలు పెట్టి చదివినట్టు ఉంటది. పోర్చుగీసు పేర్ల కాడ జర యుద్ధం జరిగింది. ఏమనకు.

నీ మామ,
ఇంద్రసేన

*

వనపర్తి,
2026 ఫిబ్రవరి 11.

మామకు, అత్తమ్మకు,

ఫోన్ల అమ్మ చెప్పే ఉంటది. లిస్టుల నా నంబర్ ఉన్నది. నేను కండ్లతోని చూడలే గని, పక్క టీచర్ నా వేలు పట్టుకొని తెర మీద ఆ నంబర్ కాడ పెట్టింది. అద్దం చల్లగ ఉన్నది. అట్లనే పట్టుకొని నిలబడ్డ.

మామా, నీకు థ్యాంక్స్ చెప్తే "ఏందే ఇంగ్లీషు" అంటవ్. అందుకే చెప్పను. నీ గొంతు లేకపోతే నాకు ఈ పుస్తకాలు లేవు. గంతే.

అత్తమ్మా, వర్తకం నుంచి వచ్చిన ప్రశ్నలన్నీ రాసిన. నా జవాబులు కాయితం మీద పెట్టే అమ్మాయి "ఇంత నింపాదిగ ఎట్ల చెప్తున్నరు మేడమ్" అని అడిగింది. నువ్వు ఒక్కొక్క మాట ఆగి ఆగి చదివినవ్ గదా, నువ్వు ఆగిన చోటల్లా నాకు ఆలోచించ సందు దొరికింది. మచిలీపట్నం కాడ నువ్వు చాలాసేపు ఆగినవ్. ఎందుకో తెలువదు. ఆ రేవు ఇంక నేను మరువ.

ఇంకో సంగతి. లిస్టు వచ్చిన తెల్లారి ఊకెనే, సంతోషానికి, మామ చదివిన పాత పుస్తకాలన్నీ మళ్ళ పెట్టుకొని విన్న. ఇన్నేండ్ల రికార్డింగులు. చిక్కడపల్లి ఇల్లు, పొద్దున పూట. ఒక్కటంటే ఒక్క దాంట్ల గూడ కుక్కర్ కూత లేదు. మిక్సీ లేదు. గిన్నె కిందపడ్డ చప్పుడు లేదు. వంటింటి అవతల నువ్వు ఉన్నవనే ఆనవాలే లేదు. నేను మామ గొంతు వింటున్న అనుకున్న. అన్ని పుస్తకాల కింద ఉన్నది నువ్వు చెయ్యని చప్పుడు. దానికి ఎట్ల దండం పెట్టాల్నో నాకు తెలుస్తలేదు అత్తమ్మా.

మీ ఆమని

*

చిక్కడపల్లి,
ఫిబ్రవరి 15.

ఆమనికి అత్తమ్మ రాసేది.

టైప్ చేస్తున్నది మీ మామ. మాటలు నావి. ఒక్కటి మార్చినా అన్నం పెట్టనని చెప్పిన. (మార్చలే. – ఇంద్రసేన)

కొలువు వచ్చింది, సంతోషం. గుడికి పోయి కొబ్బరికాయ కొట్టిన. కుక్కర్ సంగతి గంత పెద్దగ రాసినవ్. దాంట్ల ఏమున్నది? అన్నం గిన్నెల వండితే ఒద్దంటదా, జర ముందు లేస్తే అయిపాయె. పచ్చడి రోట్ల నూరితే రుచి. చప్పుడైతదని అదీ మీ మామ చదువుడు అయినంకనే నూరిన. నువ్వు అడిగినవ్ గాబట్టి చెప్తున్న, లేకపోతే చెప్పకపోదును.

మచిలీపట్నం కాడ ఎందుకు ఆగిన అంటే, అక్కడ రాసి ఉన్నది, ఓడలల్ల మన దిక్కు బట్టలు ఏడేడు దేశాలు పోయినయని. రాజు పేరు రాసిండ్రు. కొన్నోళ్ళ పేరు రాసిండ్రు, ఓడల పేర్లు గూడ రాసిండ్రు. నేసినోళ్ళు ఏమైండ్రు? ఆ పేజీల లేదు. తర్వాత పేజీల ఉంటదేమో అని తిప్పిన. అధ్యాయం అయిపోయింది. మీ మామను అడిగితే "ముందు చెప్పిండ్రు, మొదటి నుంచి చదివితే తెలుస్తది" అన్నడు. ఇన్నేండ్లు ఈ ఇంట్ల గన్ని పుస్తకాలు చదివిండు. నేను వంటింటి తలుపు దగ్గరికేసుకొని కూర్చున్న, నాకు ఒక్క ముక్క వినపడలే. నాకు దొరికింది నడుమ ఒక్క ముక్క. దాని ముందట ఏమైందో తెలువదు, ఎనుక ఏమైందో తెలువదు. నిద్ర పడుతలేదు.

నీ పరీక్ష అయిపోయింది, నీకు ఆ పుస్తకం పని లేదని తెలుసు. అయినా రేపటి సంది మొదటి పేజీకెల్లి గొంతెత్తి చదువుత. రికార్డు గూడ చేస్త. నీకు తీరినప్పుడు విను, తీరకపోతే లేదు. ఆ నేసినోళ్ళు దొరికినంక మాత్రం రాస్త.

మీ మామకు చెప్పిన, పొద్దున పూట చప్పుడు చెయ్యద్దని.

నీ అత్తమ్మ,
హనుమమ్మ